పాత ప్రోగ్రాము చదివే మనిషి కావాలి

(స్వర్ణోత్సవ సభ రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

వెనక బెంచీల్లో ఉన్న మా బ్యాచ్‌కి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు, వాళ్లు అప్పుడూ అక్కడే కూర్చునేవాళ్లు.

"సాఫ్ట్‌వేర్‌లో ఇన్నేళ్లు పనిచేశావు, పిల్లలకు పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్పు" అని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, ఆయన మనసులో ఏదో కొత్త విషయం ఉందని నాకు అర్థమైంది. ఆయన నన్ను క్షమించాలి. నేను బతుకంతా చేసింది పాత సాఫ్ట్‌వేర్‌కి చాకిరీ. ఎవరో రాసి వెళ్లిపోయిన ప్రోగ్రాములు ఆగిపోకుండా చూసుకోవడం, చివరి పదిహేనేళ్లు ఆ పని చేయగల మనుషుల్ని వెతికి ఉద్యోగంలోకి తీసుకోవడం. దాని గురించే మాట్లాడతాను. అందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా ఉంది. అది ఇంతవరకు ఇంట్లో తప్ప బయట చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం ఆఫీసు గదిలో పాత అడ్మిషన్ రిజిస్టరు చూపించమని అడిగాను. అట్ట ఊడిపోయింది గానీ సిరా చెక్కుచెదరలేదు. మా పేజీ తీశాను. నా పుట్టిన తేదీ 1-7-1962. నా పైవాడిది జూలై 1. కింద ఇద్దరిదీ జూలై 1. మీరు నవ్వుతున్నారంటే మీలో చాలామందిది కూడా అదే తేదీ అన్నమాట! మా అమ్మ లెక్క ప్రకారం నేను కార్తీక మాసంలో పుట్టాను. బళ్లో వేసేటప్పుడు నాన్నకి తేదీ తెలియలేదు. వయసు సరిపోయేట్టు చూసి మాస్టారు జూలై 1 వేసేశారు.

రేపు ఈ రిజిస్టరుని కంప్యూటరులోకి ఎక్కించే కుర్రాడు ఎవరైనా వస్తే, ఒకే తేదీ ఇన్నిసార్లు కనబడేసరికి ఇదేదో పొరపాటు అనుకుంటాడు. తెలివైనవాడైతే సరిచేసేస్తాడు కూడా. మన పాస్‌పోర్టులు, పింఛను కాగితాలు అన్నీ ఆ తప్పు తేదీ మీదే నిలబడి ఉన్నాయని వాడికి ఎలా తెలుస్తుంది? అది అలా ఎందుకుందో తెలిసిన మనిషి పక్కన ఒకరు ఉండాలి. నా వృత్తి మొత్తం ఈ ఒక్క సంగతి చుట్టూ తిరిగింది.

కోబాల్ అనే భాష పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1959లో అమెరికాలో ఒక కమిటీ కూర్చుని దాన్ని తయారుచేయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది దాని నియమాలు అచ్చయ్యాయి. అమెరికా నౌకాదళంలో పనిచేసిన గ్రేస్ హాపర్ అంతకుముందు చేసిన భాష దానికి ఒక ఆధారం. గణితం తెలిసినవాళ్లే కాకుండా జమాఖర్చులు తెలిసినవాళ్లు కూడా చదువుకోగలగాలని మామూలు ఇంగ్లీషు మాటలతో దాన్ని కట్టారు. 'ఇది దానికి కలుపు', 'ఇది అక్కడ పెట్టు' అన్నట్టుంటుంది. డబ్బు లెక్కలు పైసాతో సహా సరిగ్గా వస్తాయి. బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలు, ప్రభుత్వాలు దాంతో రాసుకున్న ప్రోగ్రాములు పెద్ద యంత్రాల మీద ఈరోజుకీ నడుస్తున్నాయి. ఐబీఎం 1964లో సిస్టమ్ 360 అనే యంత్రాల కుటుంబాన్ని ప్రకటించింది. అప్పటి ప్రోగ్రాములు తర్వాత వచ్చిన యంత్రాల మీద కూడా నడవాలని ఆ కంపెనీ పట్టుబట్టింది. ఆ పట్టుదల వల్లే నాలాంటివాళ్లకి ఇన్నేళ్లు అన్నం దొరికింది.

నేను 1986లో ఉద్యోగంలో చేరి ఈ భాష నేర్చుకున్నాను. 1997లో అమెరికా వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇక్కడ చాలామందికి తెలుసు. ఆ రోజుల్లో అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ మెట్లెక్కినా కోబాల్ క్లాసులే. వై-టు-కె అనే రెండు వేల సంవత్సరం సమస్య మన తెలుగు కుర్రాళ్లను వేలమందిని విమానం ఎక్కించింది. జాగా ఖరీదైన రోజుల్లో సంవత్సరాన్ని నాలుగు అంకెలు కాకుండా రెండే అంకెల్లో దాచారు. 98 అంటే 1998. మరి 00 వస్తే? యంత్రం 1900 అనుకుంటుంది. పుట్టనివాళ్లకి పింఛను, చనిపోయినవాళ్లకి వడ్డీ, ఇలాంటి వింతలన్నీ జరిగే ప్రమాదం ఉండేది. జనవరి 1న ఘోరాలేవీ జరగకపోయేసరికి అదంతా గోరంత కొండంత చేశారని అన్నారు. జరగలేదంటే మేము రాత్రిళ్లు కూర్చుని సరిచేశాం కాబట్టి అని ఇప్పటికీ ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాం.

సరిచేయడానికి రెండు దారులు ఉండేవి. ఒకటి, ప్రతి ఫైల్లో రెండంకెల్ని నాలుగంకెలు చేయడం. ఇది అసలైన వైద్యం. కానీ ఫైలు కొలతలు మారితే దాన్ని చదివే ప్రోగ్రాములన్నీ మార్చాలి. రెండోది కిటికీ పద్ధతి. ఫైలు జోలికి పోకుండా ప్రోగ్రాములో ఒక గీత గీస్తాం. ఉదాహరణకి 40 దగ్గర గీత గీస్తే, 00 నుంచి 39 దాకా రెండు వేల సంవత్సరాలు, 40 నుంచి 99 దాకా పందొమ్మిది వందలు. రెండు వరసల పని. గడువు దగ్గర పడిన కొద్దీ ప్రపంచమంతా ఈ కిటికీలే బిగించింది.

నేను కనెక్టికట్ రాష్ట్రంలో ఒక జీవిత బీమా కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాను. తర్వాత అక్కడే ఉద్యోగిగా ఉండిపోయాను. 2010 నాటికి పాత వ్యవస్థల విభాగం మొత్తం నా చేతికి వచ్చింది. ఆ విభాగంలో ఒక పెద్దావిడ ఉండేది. 1970లలో చేరింది. ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లడమే. కళ్లజోడు పైకి తోసి "అది ఫలానా ఏడాది చట్టం మారినప్పుడు పెట్టింది, ముట్టుకోవద్దు" అనేది. మన ఆఫీసు గదిలో పాత రిజిస్టర్ల సంగతి తెలిసిన గుమస్తాగారిలాగా.

2013లో పైనుంచి ఖర్చు తగ్గించమన్నారు. ఆవిడ జీతంతో హైదరాబాదులో ముగ్గురు వస్తారు. కూడిక, తీసివేత అంతే. నేను సంతకం పెట్టాను. మూడు వారాలు ఆవిడ తనకి తెలిసింది కొత్తవాళ్లకి వీడియోలో చెప్పింది. వెళ్లేరోజు నా బల్ల మీద ఒక ఆకుపచ్చ నోటుబుక్కు పెట్టి, "ఇది చదువు" అంది. నేను థాంక్స్ చెప్పి కింది సొరుగులో పెట్టాను.

2015 మే నెలలో ఒక ముసలి ఏజెంటు ఫోన్ చేశాడు. జనవరిలో తను అమ్మిన పాలసీకి ప్రీమియం నోటీసు ఒక్కటి కూడా రాలేదని. చూస్తే నిజమే. అతనిదొక్కటే కాదు, ఆ ఏడాది అమ్మిన పాతికేళ్ల పాలసీలు వేటికీ నోటీసులు వెళ్లలేదు. వ్యవస్థ వాటన్నిటి మీద 'చెల్లింపులు పూర్తి' అని రాసుకుని కూర్చుంది. నిన్న కొన్న పాలసీకి చెల్లింపులు ఎలా పూర్తవుతాయి? హైదరాబాదు కుర్రాళ్లు రెండు రాత్రులు వెతికారు. మంచి కుర్రాళ్లే, కానీ ఎక్కడ వెతకాలో వాళ్లకి తెలియదు. నాకూ తెలియలేదు.

సిగ్గు చంపుకుని ఆవిడకి ఫోన్ చేశాను. మొత్తం విని, "నోటుబుక్కు తీశావా?" అని మాత్రం అడిగింది.

సొరుగులోంచి తీశాను. 'తేదీలు' అని ఒక పేజీ. అందులో మూడో వరుస: ఫలానా ప్రోగ్రాములో కిటికీ 40 దగ్గర ఉంది, 2015లోపు మార్చాలి. ఆ రకం పాలసీలో అన్నిటికంటే పొడవైన గడువు పాతికేళ్లు. 2015లో కొంటే ప్రీమియాలు ముగిసేది 2040లో. రెండంకెల్లో 40. కిటికీకి అవతలి పక్క. అంటే 1940. డెబ్బై అయిదేళ్ల కిందటే చెల్లింపులు అయిపోయాయని యంత్రం నిజాయితీగా నమ్మింది.

ఆ ప్రోగ్రాము తెరిచాను. కిటికీ గీసిన వరస పక్కన వ్యాఖ్య ఒకటి ఉంది: '2040 దాకా ఢోకా లేదు.' తేదీ 1998 నవంబరు. దాని కింద పొడి అక్షరాలు నావి.

మనం ఉన్న రోజు 2040కి చేరదు కదా అనుకుని రాశాను. ఇన్సూరెన్సులో తేదీలు మనకంటే పాతికేళ్లు ముందు నడుస్తాయని నాకు తట్టలేదు. ఆవిడకి తట్టింది, రాసి పెట్టింది, నా చేతికే ఇచ్చింది.

కంపెనీ తప్పు కాబట్టి ఎవరి పాలసీనీ రద్దు చేయలేదు. కానీ ఆగిపోయిన నెలల ప్రీమియాలు కట్టమని అడిగితే కొన్ని కుటుంబాలు ఒకేసారి అంత తేలేక పాలసీ వదిలేసుకున్నాయి. ఆ జాబితా నేనే చదివాను, ఒక్కొక్క పేరూ. వాళ్లలో ఎవరికైనా తర్వాత ఏమైనా జరిగిందేమో అన్న ఆలోచన ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది.

ఆవిడ తిరిగి వచ్చింది, కాంట్రాక్టు మీద. గంటకి ఇంత అని చెప్పింది. పాత జీతానికి మూడింతలు. బేరం ఆడే ముఖం నాకు లేదు. ఇంకో షరతు పెట్టింది: తను కీబోర్డు ముట్టుకోదు. పక్కన ఇద్దరు చిన్నవాళ్లు కూర్చోవాలి. ప్రతి మార్పూ వాళ్లే చేయాలి. తను అడుగుతుంది, వాళ్లు జవాబు చెప్పాలి. ఏడాదిన్నర అలా నడిచింది. మూడు వారాల వీడియోల్లో ఎక్కనిది ఆ ఇద్దరికీ అలా ఎక్కింది.

నాకు మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. ఆయన లెక్క ఇచ్చి చేయమనేవారు కాదు. పక్కవాడి నోటుబుక్కు చేతికిచ్చి, "జవాబు సంగతి తర్వాత, వీడు ఏమనుకుని ఈ మెట్టు వేశాడో చెప్పు" అనేవారు. పక్కవాడి దస్తూరి అర్థంకాక మేం తిట్టుకునేవాళ్లం. ఆ తర్వాత నేను మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకున్న తీరు అక్షరాలా ఆయనది.

2016లో హైదరాబాదులో మనుషుల్ని తీసుకోవడానికి వచ్చాను. రెండు రోజుల్లో పదకొండు మందిని చూశాను. బయోడేటాల్లో అందరికీ ఆరేళ్ల అనుభవం, ఎనిమిదేళ్ల అనుభవం. అందులో ఎంత సరుకో, ఎంత పొట్టో అమీర్‌పేట ఎరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఎన్నేళ్లు చేశారని అడగడం మానేశాను. నూట ఎనభై వరసల ప్రోగ్రాము ఒకటి అచ్చుకాగితం మీద ఇచ్చి, గంట టైము ఇచ్చి, రెండే ప్రశ్నలు. ఇది ఏం చేస్తోంది? ఇందులో ఎక్కడ చెయ్యి పెట్టడానికి మీకు భయం వేస్తుంది?

రెండో ప్రశ్న ముఖ్యం. "భయమేమీ లేదు సార్, అంతా ఈజీ" అన్నవాళ్లని టీ ఇచ్చి పంపించేశాను. ఒకబ్బాయి చాలా చురుకైనవాడు, "ఇదంతా జావాలో ఆరు నెలల్లో తిరగరాసేస్తాను" అన్నాడు. అతని మీద కోపం రాలేదు. 1998లో నేనూ అలాగే ఉండేవాణ్ణి.

చివర్లో ఒక అమ్మాయి వచ్చింది. బీకాం చదివింది, కోబాల్ నేర్చుకుని రెండు నెలలు. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. గంట తర్వాత కాగితం మీద ఒక చోట వేలు పెట్టి, "సార్, ఈ పేరాని ఎవరూ పిలవడం లేదు. అయినా నేను తీసేయను. పై పేరా అయిపోయాక నడక జారి ఇందులోకి వస్తోందేమో ముందు చూడాలి" అంది. కోబాల్‌లో అది నిజమైన ఉచ్చు. ఎవరూ పిలవకపోయినా పైనుంచి కిందికి జారి నడిచే పేరాలుంటాయి. ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నామన్నవాళ్లలో ఒక్కరూ దాన్ని పట్టుకోలేదు. ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, వాళ్ల నాన్నగారు సహకార సంఘంలో లెక్కలు రాసేవారట. ఆడిట్ వచ్చిందంటే రాత్రిపూట కూర్చుని పాత ఖాతా పుస్తకాలు ఇద్దరూ చదివేవారట. పెద్దావిడ పక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఈ అమ్మాయే.

జీతం గురించి ఒక మాట. పాత పని అనేసరికి తక్కువ ఇవ్వచ్చు అనుకుంటారు. అది తప్పు. ఈ పనిలో పడితే కొత్తవి రావు, బయట ఉద్యోగం దొరకదని పిల్లలు భయపడతారు. ఆ భయం అబద్ధం కాదు, నేనూ అబద్ధం చెప్పలేదు. వారంలో ఒక రోజు కొత్త విద్యకి వదిలిపెట్టాను. రెండేళ్ల తర్వాత వేరే విభాగానికి వెళ్తానంటే సంతకం పెడతానని ముందే కాగితం మీద ఇచ్చాను. వెళ్లినవాళ్లు తక్కువే.

'అంత కష్టమైతే మొత్తం తీసేసి కొత్తది పెట్టుకోవచ్చుగా?' అని అడుగుతారు. పెట్టుకోవచ్చు, చాలామంది చక్కగా మారారు కూడా. కానీ తొందరపడితే ఏమవుతుందో బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు చూసింది. 2018 ఏప్రిల్‌లో ఖాతాలన్నీ ఒకేసారి కొత్త వ్యవస్థకి మార్చారు. లక్షలాది ఖాతాదారులు తమ డబ్బు తామే చూసుకోలేకపోయారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకి దాదాపు 4.9 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. మారకుండా, మనిషినీ పెట్టుకోకుండా కూర్చుంటే ఏమవుతుందో మాకు దగ్గర్లోని న్యూజెర్సీ రాష్ట్రం చూసింది. 2020 ఏప్రిల్‌లో కరోనాతో ఉద్యోగాలు పోయి జనం నిరుద్యోగ భృతికి ఎగబడినప్పుడు, గవర్నరు ఫిల్ మర్ఫీ టీవీల ముందుకు వచ్చి, నలభై ఏళ్లు దాటిన వ్యవస్థలు మావి, కోబాల్ వచ్చిన స్వచ్ఛంద సేవకులు కావాలి అని అడిగారు. ఆ సాయంత్రం మా పెద్దావిడ నాకు ఫోన్ చేసి చాలాసేపు నవ్వింది. తర్వాత, "వెళ్లనా?" అని అడిగింది. అప్పటికి ఆవిడకి డెబ్బై దాటాయి.

ఇదంతా అమెరికా గొడవ, మాకెందుకు అనుకోకండి. 2017లో మా బ్యాచ్‌వాడు, రైసు మిల్లు ఉన్నవాడు, ఇక్కడే ఉన్నాడు, చెయ్యెత్తక్కర్లేదు, ఫోన్ చేశాడు. "ఒరేయ్ అమెరికా, జీఎస్టీ వస్తోంది, నా బిల్లుల ప్రోగ్రాము చచ్చింది, ఏదో ఒకటి చెయ్యి." జీఎస్టీ వచ్చింది కూడా జూలై 1నే, మన పుట్టినరోజున! వాడి ప్రోగ్రాము ఫాక్స్‌ప్రోలో ఎవరో కుర్రాడు రాసింది. ఆ కుర్రాడు ఎక్కడున్నాడో తెలియదు. మైక్రోసాఫ్ట్ ఇక కొత్త ఫాక్స్‌ప్రో తేమని 2007లోనే చెప్పేసింది, మద్దతు 2015 జనవరితో అయిపోయింది. టౌన్లో ఒక కంపెనీ వాళ్లు వచ్చి చూసి, కొత్త సాఫ్ట్‌వేర్ కొనాల్సిందే అన్నారు. పైగా మీ పాత ప్రోగ్రాములో తప్పు కూడా ఉంది, ప్రతి బస్తాకీ కిలో కోసేస్తోంది అని చెప్పి వెళ్లారు.

నేను మన సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెండు గంటల్లో 1990 బ్యాచ్ తమ్ముడు ఒకాయన జవాబిచ్చాడు. చిట్‌ఫండ్ ఆఫీసులకి, నూనె మిల్లుకి ఇంకా ఫాక్స్‌ప్రో పనులు చేసిపెడుతున్నాడట. ఆయన మిల్లుకి వెళ్లి కంప్యూటరు తెరవకముందే మొత్తం ఫోల్డరుని రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎత్తుకున్నాడు. అసలు రాతప్రతి ఏదన్నాడు. లేదు, నడిచే ఫైలొక్కటే ఉంది. ఫాక్స్‌ప్రోలో దాన్నుంచి మళ్లీ రాతప్రతిని రాబట్టే సాధనాలున్నాయి, అలా రాబట్టాడు. ఆ కిలో సంగతి చూసి దిద్దలేదు. పాత గుమస్తాగారి ఇంటికి వెళ్లి అడిగాడు. ఆయన మంచం మీద నుంచి లేవకుండానే, "అది గోనె సంచి బరువయ్యా, పురికొసతో కలిపి" అన్నారట. నెల రోజులు పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన వేసి సరిచూశాకే పాతది ఆపాడు. నా పరీక్షలో మార్కులు వేయాల్సి వస్తే నూటికి నూరు వేసేవాణ్ణి.

మీలో మిల్లులు, దుకాణాలు, ఆస్పత్రులు నడిపేవాళ్లున్నారు. ఇలా పాత ప్రోగ్రాము చూడటానికి మనిషిని పెట్టుకునే ముందు రాతప్రతి మీ దగ్గర ఉందో లేదో ఈ వారంలోనే చూసుకోండి. ఉంటే, రోజూ నడుస్తున్నది దాన్నుంచి తయారైనదేనా అని కూడా చూడమనండి. చాలాచోట్ల కాదు. వచ్చినవాడు మొదటి రోజే ఏదైనా మారిస్తే వద్దనండి. మొదటి వారమంతా ప్రశ్నలడిగి విసిగిస్తే ఉంచుకోండి. రాసినవాళ్లు, వాడినవాళ్లు ఇంకా ఉండగానే పక్కన ఒక చిన్నవాణ్ణి కూర్చోబెట్టండి. ఇచ్చిన నోటుబుక్కుని మాత్రం సొరుగులో పెట్టకండి.

వెనక గుమ్మం దగ్గర బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టించాను, కార్యదర్శిగారి అనుమతితోనే. మీకు వచ్చిన పాత విద్య ఏదైనా సరే, కోబాల్, ఫాక్స్‌ప్రో, డీబేస్, విజువల్ బేసిక్, అందులో పేరు, ఫోన్ నంబరు రాయండి. మీ దగ్గర నడుస్తున్న పాత ప్రోగ్రాము ఏదైనా ఉంటే రెండో సగంలో అది రాయండి. 1990 బ్యాచ్ తమ్ముడు తన పేరు మొదటి వరసలో రాసేశాడు. పుట్టిన తేదీ గడి కూడా ఉంది, అందులో ఏది వేస్తారో మీ ఇష్టం. పులిహోర వాసన ఇక్కడిదాకా వస్తోంది, నేను దిగుతాను.